కింది వరస

కార్ఖానా బస్తీ వెనకాల గుట్టలు ఇంకా గుట్టల్లాగే ఉన్న రోజుల్లో వాటి కింద కొన్ని గుడిసెలుండేవి. అందులో ఒకటి తుకారాంది. తల్లి లచ్చమ్మ, పెళ్లాం దేవమ్మ, తను. ముగ్గురికీ వచ్చిన విద్య ఒక్కటే, రాయి మీద రాయి పేర్చడం. సున్నం పెట్టరు, సిమెంటు పెట్టరు, గుప్పెడు మట్టి కూడా పెట్టరు. రాయి బరువే రాయిని పట్టుకోవాలి. లచ్చమ్మ నడుం వంగిపోయాక పనంతా మొగుడూ పెళ్లాల మీద పడింది. రాయిని ఎంచి అందించడం దేవమ్మ వంతు, పెట్టడం తుకారాం వంతు.

ప్రతి రాయికీ ఒక ముఖం, ఒక తోక ఉంటాయని వాళ్లంటారు. బయటికి కనబడేది ముఖం, కట్టుడు కడుపులోకి పోయేది తోక. తోక పొడుగున్న రాయి కదలదు. కుప్పలో ఏ రాయి తోక ఎంతో దేవమ్మకు చూపుతోనే తెలిసేది. ఒకసారి చేత్తో పట్టిన రాయిని ఆమె మరిచిపోదు. గొల్లవాడు మందలో తన గొర్రెను పోల్చుకున్నట్టు పోల్చుకుంటుంది.

ఆ ఎండాకాలం దొరికిన పని గోడ కాదు. మారేడ్‌పల్లిలో ప్రేమమణిగారని, చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి దిగిపోయిన ఆవిడ ఉండేది. వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఇంటి ముందు అందరికీ ఉన్నట్టే కుండీలూ గులాబీలూ. ఇంటి వెనక మాత్రం అడవి. వేపలు, నేరేళ్లు, కానుగలు, వాటి కింద సీతాఫలం పొదలు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ఎండ నేలకు దిగదు. ఆ చెట్ల మధ్య, ఆకులు రాలి మెత్తబడ్డ చోట, నిలువెత్తుకు మించిన రాతి పుట్ట ఒకటి కావాలందావిడ. చిన్నప్పుడు కొండల మీద మిషన్ హాస్టల్లో ఉండగా అలాంటిది చూసిందట. బొగ్గుతో గోడ మీద గీసి చూపించింది. కింద వెడల్పు, నడుము దగ్గర కొంచెం ఉబ్బు, పైన మొన.

"దీంట్ల ఏం పెడ్తరమ్మా?" అని తుకారాం అడిగాడు.

"ఏమీ పెట్టను. చూసుకుంటాను."

తోటమాలి జకర్యాకు ఆ మాటకు చాలా రోజులు నవ్వొచ్చింది. "కట్టు కట్టు, తుకారాం. నాగులచవితికి మారేడ్‌పల్లి ఆడోళ్లందరు పాలచెంబులు వట్టుకొని మా గేటు కాడ లైను కడ్తరు. అమ్మగారు లోపట ప్రార్థన చేస్కుంట కూసుంటది. నేనెటు పోవాలె?"

"నువ్వు పుట్టల దూరు, జకర్యన్నా," అంది దేవమ్మ. "పాలు గిట్ల పోస్తె నీకే దొరుకుతయి."

ప్రేమమణిగారు పెట్టిన షరతు ఒక్కటే. కొట్టిన రాయి వద్దు. వానకు నాని, ఎండకు మాగి, తెల్లమచ్చలూ పచ్చమచ్చలూ పట్టిన పాతరాయి కావాలి. పుట్ట అక్కడే మొలిచినట్టుండాలి. అందుకని తుకారాం పొద్దున్నే తోపుడుబండి తీసుకుని గుట్టల్లో తిరిగి, విడిరాళ్లు ఏరి తెచ్చేవాడు. దేవమ్మ అప్పటికి తోటకొచ్చి నేల సవరించి, లోపల నింపే చిప్పరాళ్లు వేరు చేసి పెట్టేది. ఆమెకు ఐదో నెల. బరువులు ఎత్తొద్దని అత్త చెబుతూనే ఉండేది, ఆమె ఎత్తుతూనే ఉండేది.

పుట్ట మోకాలి ఎత్తు లేచిన రోజున తుకారాం బండి నిండా మంచిరాయి తెచ్చాడు. అన్నీ ఒక జాతివి, అన్నీ ఒక చోట ఎండకు మాగినవి. బండి ఒరిగించి కుప్ప పోశాడు. పుట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇవ్వమన్నట్టు చెయ్యి చాపాడు.

దేవమ్మ వంగి పైరాయి తీసింది. బూడిదరంగు పలక. దాని మీద అడ్డంగా తెల్లచార. ఒక మూల సుత్తితో చెక్కేసి ఉంది. ఆ మూల చెక్కింది తనే.

పోయిన ఎండాకాలం ఆమెకు ఆడపిల్ల పుట్టింది. తుకారాం అప్పుడు కాజీపేట దగ్గర రైలుకట్ట పనిలో ఉన్నాడు. పేరు పెట్టకముందే పిల్లకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని పొద్దున మొదలై సాయంత్రానికి చల్లబడింది. లచ్చమ్మ, గుడిసెల్లో ఇంకో ముసలామె కలిసి గుట్ట మీద పూడ్చి వచ్చారు. వాళ్లలో చంటిబిడ్డ పోతే తల్లి వెంట వెళ్లకూడదు. ఏ చోట పెట్టారో అడగకూడదు, తెలిసినా పలకకూడదు. తల్లి చూపు ఆ మట్టి మీద పడితే తరవాతి బిడ్డ నిలవదని నమ్మకం. తండ్రికీ అదే కట్టడి. తుకారాం కాజీపేట నుంచి వచ్చి, ఖాళీగా ఉన్న ఉయ్యాలగుడ్డ చూసి, చూరు కింద కూర్చున్నాడే గాని ఎక్కడని ఒక్క మాట అడగలేదు.

దేవమ్మ మాత్రం మర్నాడే వెళ్లింది. పుల్లలకు పోతున్నానని చెప్పి, కొత్తమట్టి కనబడే దాకా గుట్టంతా వెతికింది. పైన నాలుగు ముళ్లకంపలు, పది గుండురాళ్లు పడేసి ఉన్నాయి. కుక్కకు అది ఒక గడియ పని. ఆమె ఆ గుండ్లు పక్కకు దొర్లించి, పలకరాళ్లు ఏరి, కింది వరస నేలలోకి దిగ్గొట్టి, దాని మీద వరస మీద వరస పేర్చింది. సందు మీద సందు పడకుండా, తోకలన్నీ లోపలికి పెట్టి, చిప్పలతో బిగించి. చీకటి పడేలోపు ఇంటికొచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది కాబట్టి అసలే చెప్పే మాట కాదు.

"ఏందే, రాయిని తూకమేస్తున్నవా?" అన్నాడు తుకారాం.

ఆమె రాయి అందించింది.

అందించాక ఇంక ఆగడానికి దారి లేకపోయింది. రెండోదీ ఇచ్చింది, మూడోదీ ఇచ్చింది. ప్రతిదీ తెలిసిన రాయే. ఇది తలవైపుది, ఇది కాళ్లవైపుది. అతను పెడుతూ పోయాడు. పని సాగుతుంటే కబుర్లు చెప్పడం అతనికి అలవాటు.

"మోటబావి మీదికెల్లి పైకి పోతె ఒక చదునున్నది చూడు, ఆడ దొరికినయి. ఎవ్వడో పాత గోడ ఇడిసిపెట్టి పోయిండు. చిన్న తునకే. చిన్నపిల్లల గోరీలు పక్కన రెండు మూడున్నయి. వాటి దిక్కు నేను పోలే. గవి రాళ్లకుప్పలు, చూస్తెనే తెలుస్తది. ఇది కుప్ప కాదు. కట్టుడు. ఎవడో తెలిసినోడు కట్టిండు. ఇప్పుతుంటె నాకే మనసొప్పలే, నిజం చెప్తున్న."

దేవమ్మ చేతిలో రాయి జారి పాదం పక్కన పడింది. కుప్పలా వదిలేసి ఉంటే అతను ముట్టుకునేవాడు కాదు. తను కట్టింది కాబట్టి ముట్టుకున్నాడు.

సాయంత్రం ప్రేమమణిగారు చెప్పులు లేకుండా ఆకుల మీద నడుచుకుంటూ వచ్చింది. పుట్ట చుట్టూ తిరిగి, ఆ వరసల మీద అరచెయ్యి పెట్టింది.

"ఇవే తుకారాం, నేనన్నది ఇవే. ఎంత బాగున్నాయో. ఇలాంటివి ఇంకా దొరుకుతాయా?"

"కింది వరస ఉన్నదమ్మా. భూమిల కూరుకపోయింది, చేతితోని రాదు. రేపు పొద్దుగాల గడ్డపార వట్కపోయి పెకిలిస్త. అయి ఇంక పెద్దయి."

"కింది రాళ్లు మచ్చ పట్టయి," అంది దేవమ్మ గబుక్కున. "మట్టిల ఉన్నయి ఏం బాగుంటయి? వద్దమ్మా."

ప్రేమమణిగారు ఆమె వైపు చూసి నవ్వింది. "కడిగితే బాగుంటాయిలే దేవమ్మా. నువ్వు అలిసిపోయావు, ముఖం చూడు ఎలా అయిందో. జకర్యా, కొంచెం మజ్జిగ ఇవ్వవయ్యా ఈ పిల్లకి."

దారిలో ఇంకోసారి ప్రయత్నించింది. ఆ చదును మీద పాముందని చెప్పింది. పుల్లలకు పోయినప్పుడు కళ్లారా చూశానంది.

"పామా?" తుకారాం బండి ఆపకుండానే నవ్వాడు. "రాళ్లు ఎత్తెటోనికి పాముల కథ చెప్తున్నవ్. ఇయ్యాల అన్ని రాళ్లు తీసిన, తేలు సుత రాలే. ఎంత సాఫ్‌గ కట్టిండో చూడు, పురుగు దూరనీకె సందు లేదు."



ఇంటి దగ్గర అన్నాలు తిన్నాక తుకారాం గడ్డపార మొన రాయి మీద రుద్దుతూ వాకిట్లో కూర్చున్నాడు. దేవమ్మ లోపల అత్త పక్కన చేరింది. చెప్పగలిగితే ఈమె ఒక్కతే కొడుకును ఆపగలదు.

"అత్తమ్మా. నిరుడు పిల్లను మోటబావి దిక్కేనా..."

లచ్చమ్మ ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. కొట్టినట్టే పెట్టింది. "కడుపుల బిడ్డను వెట్టుకొని ఏం మాటలవి? ఆ దిక్కు పేరెత్తకు. ఒక్కదాన్ని మింగినవ్, చాలలేదా?"

మింగినవ్ అన్న మాట గుడిసెలో చాలాసేపు ఉన్నట్టనిపించింది. వాకిట్లో ఇనుము రాయి మీద గరగరమంటూనే ఉంది. దేవమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దున నీళ్లు తెచ్చాక తనూ అతని వెంటే గుట్టకు బయల్దేరాలి. అత్త ఉండదు. బావి దాటేలోపు చెప్పేయాలి అనుకుంది. తిడితే తిట్టనీ. చెయ్యి చేసుకుంటే చేసుకోనీ. పిల్ల మీద గడ్డపార పడగూడదు.

పొద్దున కుళాయి దగ్గర బిందెల వరస పొడుగ్గా ఉంది. మిలటరీ లారీలు వరసగా పోతుంటే నీళ్లకొచ్చిన ఆడవాళ్లు దుమ్ముకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో ముందుకు దూరారని ఇద్దరు జుట్టు పట్టుకోబోయారు. దేవమ్మ వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఇంటికొచ్చి బిందె దించితే చూరు కింద గడ్డపార లేదు.

"వాడెప్పుడో పాయె," అంది లచ్చమ్మ పొయ్యి ఊదుతూ. "ఎండ కాకముందె తెస్తనన్నడు."

దేవమ్మ పరిగెత్తింది. కడుపును కింద ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో గుండ్లను పట్టుకుంటూ ఎక్కింది. మోటబావి దాటాక బండి కనిపించింది. దాని పక్కన పెకిలించిన రాయి ఒకటి, ఇంకొకటి. గడ్డపార భూమిలో నిటారుగా దిగి ఉంది. తుకారాం దాని పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఈడికి రాకు."

అప్పటికే వచ్చేసింది. మూడో రాయి సగం పైకి లేచి ఉంది. దాని కింద మట్టిలోంచి గుడ్డ చెంగు ఒకటి బయటికి వచ్చింది. నీలిగీతల గుడ్డ. మట్టి పట్టినా గీతలు తెలుస్తున్నాయి.

"ఇది నా అంగి," అన్నాడు తుకారాం. "కాజీపేట నుంచి వచ్చినంక దేవులాడిన. ఎలుకలు కొట్టినయి, పారేసిన అన్నది అమ్మ."

దేవమ్మ నిలబడే ఉంది. 

"కుక్కలు కాదు, నక్కలు కాదు," అన్నాడు అతను, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఏడాది దాన్క ఏది ముట్టలే. నేనొచ్చిన." తలెత్తాడు. "నువ్వు ఉరికొచ్చినవ్. నీకు ఎరికేనా ఇది?"

"ఎరికే."

"ఎట్ల?"

"నేనే కట్టిన. మర్నాడొచ్చి."

అతను గుడ్డ వైపు చూశాడు, బండి వైపు చూశాడు. లెక్క ఒక్కొక్కటిగా అతనికి అందుతోంది. "నిన్న పొద్దంత నా చేతికి అందిచ్చినవ్. ఎరిక లేకనా?"

"మొదటి రాయికే ఎరికైంది."

"ఎరికుండి ఇచ్చినవ్."

"ఇచ్చిన."

"నిన్న ఒక్క మాట చెప్తె ఏమైతుండె, దేవీ?"

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది ఆమెకు. చెప్పడానికి చాలా ఉన్నాయి. చాపిన అతని చెయ్యి, అమ్మగారి నవ్వు, అత్త మాట, కడుపులో బిడ్డ.  ఒక్కటీ ఆ గుడ్డ పక్కన నిలిచే మాట కాదు.

"అటు తిరుగు," అన్నాడు తుకారాం.

"చూసిన గద. ఇంక తిరిగి ఏం లాభం?"

"తిరుగు. నేను చెప్తున్న."

ఆమె తిరిగింది. కింద రోడ్డు, రోడ్డు మీద బస్సు, దూరంగా మారేడ్‌పల్లి చెట్ల నలుపు కనిపిస్తున్నాయి. విమానం ఒకటి బేగంపేటకు దిగుతూ నెత్తి మీదుగా పోయింది. దాని రొద తగ్గాక వెనకాల మట్టి తోస్తున్న చప్పుడు వినిపించింది. పార చప్పుడు కాదు, అరచేతుల చప్పుడు. చాలాసేపు అదే. తరవాత అతను చుట్టుపక్కల రాళ్లు ఏరడానికి తిరిగాడు. రాయి మీద రాయి పడ్డం మొదలైంది. ఒక రాయి పడ్డప్పుడు టక్కున కాకుండా టకటకమంది.

"అది కూసోలే," అంది దేవమ్మ తిరక్కుండానే. "తోక బయటికున్నది. తిప్పు."

వెనకాల కదలిక ఆగింది. ఏడుస్తున్నాడేమో, కోపంగా చూస్తున్నాడేమో ఆమెకు తెలియలేదు. తరవాత రాయిని తిప్పిన చప్పుడు, ఈసారి గట్టిగా కూర్చున్న చప్పుడు. ఆమె తల వంచుకుని ఒక్కో చప్పుడూ వింటూ నిలబడింది.

దిగేటప్పుడు అతను బండిని ఖాళీగానే తోసుకొచ్చాడు.  ప్రేమమణిగారి గేటు దగ్గర ఆగిపోయి, "సుత్తి, గంప తెచ్చుకో. నేను లోపటికి రాను," అన్నాడు.

ప్రేమమణిగారు వెనక తోటలోనే ఉంది. ఇద్దరూ ఇంత ఆలస్యంగా ఎప్పుడూ రాలేదు. దేవమ్మ ఒక్కతే రావడం చూసి, కడుపులో ఏమైనా బాగాలేదా అని అడిగింది. దేవమ్మ చెప్పింది. దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు కాబట్టి, వరసగా, ఏ రాయి ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పింది. వింటూ వింటూ ప్రేమమణిగారు పక్కనున్న రాళ్లకుప్ప మీద కూర్చుంది. మరుక్షణం అది ఏ కుప్పో గుర్తొచ్చి లేచి నిలబడింది. లేచాక ఎక్కడ నిలబడాలో ఆవిడకు తెలియలేదు. జకర్యా నీళ్లగొట్టం కింద పడేసి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ప్రభువా," అంది ఆవిడ మెల్లగా. తరవాత, "విప్పించేస్తాను దేవమ్మా. ఇవాళే. మీ రాళ్లు మీ దగ్గరికి చేర్పిస్తాను. జకర్యా బండి మాట్లాడతాడు. ఈ పుట్ట లేకపోతే నాకేం?"

దేవమ్మ పుట్ట వైపు చూసింది. నిన్న పెట్టిన వరసలు చెట్లనీడలో నిజంగానే అక్కడ మొలిచినట్టున్నాయి. వాటి మీద ఎండచుక్కలు కదులుతున్నాయి.

"ఇప్పితె ఆయనే ఇప్పాలెనమ్మా. ఇంకోనికి చాతగాదు, కూల్తది. ఒకపారి ఇప్పిండు. రెండోపారి ఇప్పుమని నేను చెప్పలేను."

"మరి నేను రోజూ దీన్ని ఎట్లా చూడను?"

"చూడుండ్రమ్మా. చూడొద్దన్నది మాకే. మీకేం అడ్డం లేదు గద."

 మిగిలిన కుప్ప ఏం చెయ్యాలని జకర్యా అడిగాడు. అట్లనే ఉంచినా, పక్కకు జరిపినా మీ ఇష్టం అంది దేవమ్మ. సుత్తి గంపలో వేసుకుని నెత్తికెత్తుకుంది. జకర్యా గేటు దాకా వెంట వచ్చాడు. అన్ని రోజులు నోరు మూయని మనిషి, తుకారాంను చూసి, బండి చక్రానికి అంటిన మట్టిని కాలితో రాల్చాడు.

లచ్చమ్మకు వాళ్లేమీ చెప్పలేదు. అమ్మగారికి పుట్ట మీద మనసు విరిగిందన్నారు. పెద్దోళ్ల పనులు గట్లనే ఉంటయి అంది ఆమె.

వానలు పడకముందే బొల్లారంలో ప్రహరీ గోడ పని ఒకటి వచ్చింది. క్వారీ నుంచి లారీలో దింపిన కొత్తరాయి, ఇంకా సుత్తిదెబ్బల తెలుపు మీద ఉన్నది. మొదటి రోజు దేవమ్మ కుప్పలోంచి రాయి తీసి, తోక చూసి తిప్పి, అందించింది. తుకారాం పట్టుకున్నాడు. పెట్టలేదు.

"ఇది యాడిదే?" అన్నాడు.

"లారీల వచ్చింది. క్వారీది."

పెట్టాడు. ఆమె రెండోది ఇచ్చింది.

"ఇది?"

"ఇది సుత అదే."

కాంట్రాక్టరు మనిషి ఒకడు కాసేపు చూసి, వీడికేమైనా చెవుడా అని అడిగి వెళ్లిపోయాడు. తుకారాం చెయ్యి చాపాడు. దేవమ్మ వంగి ఇంకో రాయి తీసింది. అతను అడిగేలోపే, "క్వారీది," అంది.